పిట్టకథలో పసిమనసు



ఇలాంటి సంచిక చేతికి రాగానే మనలో చాలామంది మొదట తిప్పేది లెక్కల పేజీ. ఎందరు పిల్లలకు ఫీజులు కట్టారు, ఎన్ని నోటుపుస్తకాలు పంచారు, ఎన్ని జతల యూనిఫారాలు కుట్టించారు అన్న వివరాలు అక్కడ ఉంటాయి. ఉండాల్సిందే. ఇచ్చిన ప్రతి రూపాయీ అమానతే, దానికి జవాబు చెప్పుకోవాలి. అయితే ఆ నోటుపుస్తకం అందుకున్న పిల్లవాడు రాత్రిళ్ళు ఎందుకు ఉలిక్కిపడి లేస్తున్నాడో, ఆ యూనిఫారం వేసుకున్న అమ్మాయి చివరి బెంచీలో కూర్చుని ఎందుకు నోరు విప్పడం లేదో ఏ లెక్కల పేజీలోనూ కనిపించదు. బడిలో రోజూ ఆ పిల్లల ఎదుట నిలబడే ఉపాధ్యాయులుగా మేము ఈసారి ఆ విషయమే నాలుగు మాటలు చెప్పదలిచాం.

పిల్లలకు తమ మనసులోని బాధను, భయాన్ని, కోపాన్ని బయటపెట్టుకోవడానికి ఒక దారి కావాలి. చెట్టు, పిట్ట, చీమ, వాన వంటి వాటి మీద వాళ్ళే కల్పించి చెప్పే కథ అలాంటి దారి. దీనికి పెద్ద ఖర్చు లేదు. కాస్త తీరిక, కాస్త ఓర్పు ఉన్న పెద్దవాళ్ళు ఉంటే చాలు.

"ఏమైంది?" అంటే "ఏం లేదు టీచర్"

ముఖం వేలాడేసుకుని కూర్చున్న పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి "ఏమైంది నాన్నా?" అని అడిగి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది "ఏం లేదు" అనే అంటారు. అది అబద్ధం కాదు. వాడికి ఏదో అవుతోందని తెలుసు, కానీ దాని పేరు తెలియదు. పేరు తెలిసినా చెబితే తిడతారేమో, నవ్వుతారేమో, అమ్మీకి చెప్పేస్తారేమో అన్న జంకు ఉంటుంది.

మన పిల్లలకు దీనికి తోడు మరో చిక్కు కూడా ఉంది. చాలా ఇళ్ళలో మాట్లాడేది ఉర్దూ, బడిలో వినేది తెలుగు, పరీక్ష రాసేది ఇంగ్లీషు. ఏడుపు వచ్చేది ఇంటి భాషలో, టీచరు అడిగేది మరో భాషలో. అందుకే "ఏం లేదు" అన్న మాట తొందరగా దొరుకుతుంది. దూదేకుల కుటుంబాల పిల్లల్లాగా ఇంట్లోనూ తెలుగే మాట్లాడేవారికి ఈ చిక్కు తక్కువే గాని, మనసులోని దానికి పేరు వెతుక్కోవడం వాళ్ళకూ కష్టమే.

నిజానికి మన భాషల్లో మనసు సంగతి చెప్పే మాటలకు కొదవ లేదు. తెలుగులో బెంగ వేరు, దిగులు వేరు. బెంగ ఎవరో ఒకరి కోసం పెట్టుకుంటాం. దిగులు కారణం తెలియకుండానే కమ్ముకోవచ్చు. కోపం ఎవరి మీదైనా వస్తుంది. అలక మాత్రం మనల్ని బుజ్జగిస్తారని నమ్మకం ఉన్నవాళ్ళ మీదే. బెరుకు, జంకు, ఉక్రోషం, కుళ్ళు, చిన్నబుచ్చుకోవడం ఒక్కొక్కటీ ఒక్కో రంగు. ఉర్దూలో డర్, గుస్సా, ఉదాసీ, షర్మిందగీ ఉన్నాయి. ఇన్ని మాటలుండగా మన పిల్లలు బడిలో వాడేవి రెండే: "బాగుంది", "బాగాలేదు". మిగతా మాటలు ఎత్తిరాయిస్తే రావు. పిల్లవాడు తాను చెప్పదలుచుకున్న సంగతి కోసం వెతుక్కుంటున్నప్పుడు అందించాలి. ఆ వెతుకులాట కథలో జరుగుతుంది.

కథ ఎందుకు? అందులోనూ ప్రకృతి కథే ఎందుకు?

తండ్రి లేని పిల్లవాడికి తండ్రి లేని మరో పిల్లవాడి కథ చెబితే అది వాణ్ణి వేలెత్తి చూపినట్టు ఉంటుంది. తరగతి అంతా వాడి వైపు తిరుగుతుంది. అదే గూట్లో ఒంటరిగా మిగిలిన పిట్టపిల్ల కథ అయితే ఎవరూ ఎవరి వైపూ చూడరు. అందరూ పిట్టవైపే చూస్తారు. పిల్లవాడు కూడా ఆ పిట్ట వెనక దాక్కుని తన మాట చెప్పుకోవచ్చు. ఇష్టం లేకపోతే "అది పిట్ట కథే కదా" అని తప్పుకోవచ్చు. ప్రకృతి కథలోని సౌకర్యం ఇదే. మాట దగ్గరది, మనిషి దూరం.

ఇంకో సంగతి. కాకి, చీమ, వాన, వేపచెట్టు పేదపిల్లలకూ ఉన్నవాళ్ళ పిల్లలకూ సమానంగా తెలుసు. "నేను చూడలేదు టీచర్" అని తలదించుకోవలసిన అవసరం ఎవరికీ రాదు. విహారయాత్ర గురించి వ్యాసం రాయమంటే వెళ్ళని పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. గోడ మీద పాకే చీమల బారు గురించి చెప్పమంటే చివరి బెంచీ కూడా లేచి నిలబడుతుంది.

ఇది మనకు కొత్త పద్ధతీ కాదు. దివ్యఖుర్‌ఆన్‌లో చీమ పేరుతో, తేనెటీగ పేరుతో, సాలెపురుగు పేరుతో సూరాలు ఉన్నాయి: అన్-నమ్ల్, అన్-నహ్ల్, అల్-అన్కబూత్. సైన్యం కాళ్ళకింద నలిగిపోతామేమో, పుట్టల్లోకి వెళ్ళిపొండని ఒక చీమ తోటి చీమలను హెచ్చరించడం, ఆ మాట విని సులైమాన్ ప్రవక్త (అలైహి) చిరునవ్వు నవ్వడం మనలో ఎవరికి తెలియదు? అంత పెద్ద సైన్యం కదులుతుండగా అంత చిన్న ప్రాణి మాట వినబడింది.

అబూ ఉమైర్ అనే బాలుడి సంగతి ఇంకా సూటిగా మన విషయానికి చెందినది. అతను హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు. అతనికి ఒక చిన్న పిట్ట ఉండేది. దానితో ఆడుకునేవాడు. అది చనిపోయి బాలుడు విచారంగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) అతన్ని గౌరవంగా 'అబూ ఉమైర్' అని పిలిచి, పిట్ట ఏమైందని ఆప్యాయంగా పలకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ పలకరింపు ఉంది. "పిట్టకోసం ఏడుస్తావా?" అనలేదు. "ఇంకోటి కొనిపెడతాం, ఊరుకో" అనలేదు. పిల్లవాడి దుఃఖం ఎక్కడ ఉందో అక్కడికే వెళ్ళి పిట్ట గురించే అడిగారు. పిల్లల మనసుతో మాట్లాడడంలో ఉపాధ్యాయులు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇది.

జంతువుల కథల చరిత్ర కూడా మన అందరి ఉమ్మడి ఆస్తే. సంస్కృత పంచతంత్రం 6వ శతాబ్దంలో పహ్లవీ భాషలోకి, అక్కడి నుంచి 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా కలంతో అరబ్బీలోకి వెళ్ళి 'కలీలా వ దిమ్నా' అయింది. మన చిన్నయసూరి 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక' కూడా ఆ పంచతంత్రం నుంచి వచ్చిందే. అల్లామా ఇక్బాల్ పిల్లల కోసం రాసిన 'పరిందే కీ ఫర్యాద్' పంజరంలోని పక్షి మొర. మన ఇళ్ళలో తరాలుగా పిల్లలు దాన్ని వల్లె వేశారు. వల్లె వేయడంతో ఆపకుండా "ఇప్పుడు నువ్వు ఒక పిట్ట మొర చెప్పు" అని పిల్లలను అడగడమే ఇక్కడ మేము కోరుతున్న అదనపు అడుగు.

యుద్ధం తర్వాత ఒక పల్లెబడిలో

ఈ పని లోతుగా చేసి చూపిన ఉపాధ్యాయుడు ఒకరున్నారు. ఉక్రెయిన్‌లోని పావ్లిష్ అనే పల్లెటూరి బడికి రెండు దశాబ్దాలకు పైగా ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న వాసిలీ సుఖోమ్లిన్‌స్కీ (1918–1970). ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డారు. భార్యను నాజీలు పొట్టనబెట్టుకున్నారు. యుద్ధం ముగిశాక ఆయన బడికి వచ్చిన పిల్లల్లోనూ చాలామంది తండ్రులను పోగొట్టుకున్నవారే, ఇంట్లో ఆకలినీ ఏడుపునీ చూసినవారే.

ఆ పిల్లలను ఆయన వెంటనే గదిలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించలేదు. ఒకటో తరగతిలో చేరడానికి ఏడాది ముందే ఆరేళ్ళ పిల్లలను పోగుచేసి, దానికి 'ఆనందాల బడి' అని పేరు పెట్టారు. పాఠం ద్రాక్ష పందిరి కింద, తోటలో, పొలంగట్టు మీద. పిల్లలు సూర్యాస్తమయాన్ని చూసేవారు, మబ్బుల ఆకారాలకు పేర్లు పెట్టేవారు, తాము చూసినదాని మీద కథలు అల్లేవారు. బొమ్మలు గీసి కింద ఒకటి రెండు మాటలు రాసేవారు. అలా చూపు నుంచి మాటకు, మాట నుంచి అక్షరానికి వచ్చారు. బడిలో ప్రత్యేకంగా ఒక కథల గది కూడా ఉండేది. గాయపడిన పక్షులకు పిల్లలు సేవ చేసేవారు. ఆయన ఈ అనుభవాలన్నీ రాసిన పుస్తకం 'పిల్లలకే నా హృదయం అంకితం' పేరుతో తెలుగులోకీ వచ్చింది.

ఆయన అనుభవం నుంచి మేము తీసుకున్నది ఒక్క మాట. దెబ్బ తిన్న పిల్లవాడికి చదువు ఎక్కాలంటే ముందు వాడికి లోకం మీద నమ్మకం తిరిగి రావాలి. దయ చూపించుకోవడానికి ఒక పిట్టో మొక్కో దొరికినప్పుడు, "నేనూ ఒకరికి ఆసరా కాగలను" అని పిల్లవాడికి అనిపిస్తుంది. ఎప్పుడూ సాయం అందుకునే వైపే ఉండే పిల్లలకు ఆ అనుభవం ఎంత అవసరమో దాతలకు వేరే చెప్పనక్కరలేదు.

మన దేశంలో గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా (1885–1939) కూడా కథనే తరగతి గదికి తలుపుగా చేశారు. ఆయన 'దివాస్వప్న'లోని ఉపాధ్యాయుడు అల్లరి తరగతిని బెత్తంతో కాక కథతో దారికి తెస్తాడు.

ఎలా చేయాలి?

ఇది బడిలోనూ, యతీంఖానాలోనూ, ఇంటి అరుగు మీదా చేయవచ్చు. వారానికి ఒక గంట చాలు. మేము పాటిస్తున్న క్రమం ఇది.

మొదట చూడాలి. పిల్లలను ఆరుబయటకు తీసుకువెళ్ళి ఒకే ఒక్కదాన్ని చూడమనాలి. చెట్టంతా కాదు, ఒక్క కొమ్మ. తోటంతా కాదు, ఒక్క చీమల బారు. ఐదు నిమిషాలు మాట్లాడకుండా చూడాలి. మొదటి రెండు నిమిషాలు గుసగుసలు, నవ్వులు ఉంటాయి. తర్వాత నిజంగా చూడడం మొదలవుతుంది.

రెండోది ఒక ప్రశ్న. "దీని గురించి కథ చెప్పు" అంటే పిల్లలు బిక్కమొహం వేస్తారు. చిన్న తలుపు తెరవాలి. "సాయంత్రం బడి మూసి అందరం వెళ్ళిపోయాక ఈ వేపచెట్టుకు ఏమనిపిస్తుంది?" "బారులోంచి తప్పిపోయిన ఆ చీమ ఇప్పుడు ఎవరిని వెతుకుతోంది?" "ఈ ఆకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది, ఏమిటది?" అంతే. మిగతాది వాళ్ళే అందుకుంటారు.

మూడోది, ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పనివ్వాలి. సగం ఉర్దూ, సగం తెలుగు అయినా సరే. రాయలేని పిల్లలు బొమ్మ గీస్తారు, లేదా చెబుతుంటే పెద్దవాళ్ళు రాసిపెడతారు. అక్షర దోషాలకు ఎర్ర గీతలు పెట్టకూడదు.

నాలుగోది, కథ చెప్పాక మరో ప్రశ్న, అదీ కథలోపలి ప్రశ్నే. "అప్పుడు పిట్ట ఏం చేసింది?" "దానికి తోడు ఎవరు వచ్చారు?" పిల్లవాడు వెతుక్కుంటున్న మాటను ఇక్కడే అందించవచ్చు. "ఓహో, దానికి వాళ్ళమ్మ మీద బెంగ పెట్టుకుందన్నమాట." నచ్చితే పిల్లవాడు ఆ మాట తీసుకుంటాడు. లేకపోతే "కాదు టీచర్, కోపం" అని దిద్దుతాడు. అలా దిద్దాడంటే తన మనసుకు పేరు దొరికినట్టే.

చుట్టూ ఉన్న నాలుగు కథావస్తువులు

అత్తిపత్తి: తాకగానే ఆకులు ముడుచుకుని, కాసేపటికి మళ్ళీ విచ్చుకునే ఈ మొక్క బెరుకు పిల్లలకు మంచి నేస్తం. ఎంతసేపటికి విచ్చుకుంటుందో లెక్కపెడుతూ పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని ఒక అమ్మాయి ఒకసారి ఇలా చెప్పింది: "అది భయపడి ముడుచుకోలేదు. అడగకుండా ముట్టుకున్నారని ముడుచుకుంది. అడిగి ముట్టుకుంటే ముడుచుకోదు." మేము తరగతిలో ఏమీ అడగలేదు. తర్వాత ఒక టీచరు ఆ అమ్మాయి పక్కన కూర్చుని మొక్క గురించే మాట్లాడుతుంటే, వెనక బెంచీ పిల్లలు రోజూ జడ లాగుతున్నారన్న సంగతి బయటపడింది. మాకు అది చిన్న విషయం. ఆ అమ్మాయికి మాత్రం బడికి రావాలంటేనే భయం కలిగించే విషయం.

గిజిగాడు: నూతి మీదికి వంగిన తుమ్మకొమ్మకో, ఈతచెట్టుకో వేలాడే ఈ పిట్ట గూళ్ళు పల్లెల్లో అందరికీ తెలుసు. గడ్డిపోచలు, తాటాకు చీలికలు తెచ్చి గూడు అల్లేది మగపిట్ట. గూడు సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చకపోతే వెళ్ళిపోతుంది. మగపిట్ట ఇంకో గూడు మొదలుపెడుతుంది. చెట్టుకు వేలాడే ఆ సగం గూళ్ళ గురించి చెప్పాక, "వదిలేసిన గూడును చూసి గిజిగాడు ఏమనుకుంది?" అని అడిగితే పరీక్ష తప్పిన పిల్లలు, పోటీలో ఓడిన పిల్లలు చెప్పే కథలు వినదగ్గవి. ఒకరి కథలో గిజిగాడు ఉక్రోషంతో గూడు పీకేస్తుంది. ఇంకొకరి కథలో ఆ సగం గూడు వానలో మరో పిట్టకు నీడ అవుతుంది. రెండూ సరైనవే. ఓటమికి అందరి జవాబూ ఒకటే కానక్కరలేదు.

గూడబాతులు: చలికాలంలో సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టులోనూ, గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ ఈ పక్షులు గుంపులుగా చెట్ల మీద గూళ్ళు కట్టి కనిపిస్తాయి. నీళ్ళు, చేపలు ఉన్నచోటు వెతుక్కుంటూ దూరాలు ఎగిరే పక్షులివి. కడప, రాయచోటి వైపు ఎన్నో ఇళ్ళలో అబ్బా కువైట్‌లోనో సౌదీలోనో ఉంటారు. అలాంటి ఇంటి పిల్లవాడు చెప్పిన కథలో తండ్రి గూడబాతు దూరదేశం వెళ్ళి ఎన్నో రోజుల తర్వాత వచ్చింది. ఈలోగా పిల్ల పెద్దదైపోయింది. తండ్రి దాన్ని చూసి "నువ్వెవరి పిల్లవి?" అని అడిగింది. తరగతి నిశ్శబ్దమైపోయింది. "మరి పిల్ల ఏం చెప్పింది?" అని అడిగాం. వాడు చాలాసేపు ఆలోచించి, "పేరు చెప్పింది" అన్నాడు. గూడబాతులు అలా పిల్లలను వదిలి ఒంటరిగా వెళ్ళవని మేము అప్పుడు దిద్దలేదు. ఆ సంగతి సైన్సు పీరియడ్‌లో చెప్పుకోవచ్చు. వాళ్ళ అమ్మీ ఆ కథను ఫోన్‌లో వాడి గొంతుతోనే రికార్డు చేసి తండ్రికి పంపించింది.

తూనీగ: దారం కట్టి ఎగరేయడం పల్లెపిల్లల ఆట. "ఆ పని తప్పు" అని చెబితే మన ఎదుట మానేసి చాటున చేస్తారు. "సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వచ్చిన తూనీగను వాళ్ళమ్మ ఏమడిగింది?" అంటే వాళ్ళే దారం విప్పే కథ చెబుతారు. జాలి, పశ్చాత్తాపం ఇలా లోపలి నుంచి రావాలి.

కొన్ని జాగ్రత్తలు

కథ చివర నీతి తగిలించకండి. "చూశారా పిల్లలూ, అందుకే మనం..." అని మొదలుపెట్టగానే పిల్లలు అత్తిపత్తిలా ముడుచుకుంటారు. నీతిపాఠం వద్దని కాదు, దానికి వేరే సమయం ఉంది.

"ఇది నీ కథే కదా?" అని అడగకండి. పిల్లవాడు దాక్కున్న చోటు నుంచి వాణ్ణి బయటకు లాగినట్టవుతుంది. మళ్ళీ చెప్పడు.

విన్న కథను ఇతర టీచర్లతో, బంధువులతో వినోదంగా పంచుకోకండి. అదీ అమానతే.

మగపిల్లలు ఏడవకూడదనే మాట మన ఇళ్ళలో ఇంకా వినబడుతోంది. తమ పసికందు ఇబ్రాహీం ప్రాణం పోతున్నప్పుడు దైవప్రవక్త (స) కళ్ళు చెమర్చాయని హదీసులు చెబుతున్నాయి. ఏడుపు సిగ్గుపడవలసిన విషయం కాదని అబ్బాయిలకు చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఆధారం ఏం కావాలి?

ప్రతి నల్లమబ్బు బొమ్మకూ హడలిపోనక్కరలేదు. పిల్లలు సరదాకూ నల్లరంగు వాడతారు. అయితే వారాల తరబడి ఒకే భయం కథల్లో తిరిగి వస్తుంటే, లేదా ఎవరో కొడుతున్నారన్న, చెడుగా తాకుతున్నారన్న సూచన కనబడితే మాత్రం కథతో సరిపెట్టుకోకూడదు. పిల్లల రక్షణకు 1098, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416 నంబర్లు ఉన్నాయి. రెండూ ఉచితమే. కథ మనకు జ్వరం ఉందని చెప్పే థర్మామీటరు లాంటిది. అది మందు కాదు.

దాతలు ఏం చేయగలరు?

మొదటిది, నీడ. మీరు కట్టించే గదులకు పక్కన నాలుగు మొక్కలకు చోటు వదలండి. ఆవరణ అంతా సిమెంటు చేస్తే శుభ్రంగా ఉంటుంది, కానీ అక్కడ చీమ ఉండదు, పిట్ట వాలదు, కథ పుట్టదు. ఒక వేప, ఒక జామ, కుండీలో ఒక అత్తిపత్తి, పిట్టల కోసం ఒక నీళ్ళ మూకుడు ఉంటే చాలు. నీళ్ళు పోసే పని పిల్లలకే అప్పగించండి.

రెండోది, కథల పుస్తకాలు. నోటుపుస్తకాలతో పాటు తెలుగు, ఉర్దూ బొమ్మల కథల పుస్తకాలు కొన్ని ఇవ్వండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో రెండు భాషల్లోనూ కథలు ఉచితంగా దొరుకుతాయి. ఒక ప్రింటరు, కొంత కాగితం ఉంటే చిన్న గ్రంథాలయం తయారవుతుంది. పిల్లలు చెప్పిన కథలను కూడా కుట్టి అదే అలమరలో పెడితే వాళ్ళ ఆనందం చూసి తీరవలసిందే.

మూడోది, మనిషి. యతీంఖానాలో వార్డెన్‌కు వంట, హాజరు, లెక్కలతోనే పొద్దు గడిచిపోతుంది. వారానికి ఒక గంట కేవలం వినడానికి వచ్చే వాళ్ళు కావాలి. మన సమాజంలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, కథలు తెలిసిన నానీలు, దాదీలు ఎందరో ఉన్నారు. డబ్బు ఇవ్వలేని వారు ఈ గంట ఇవ్వవచ్చు.

నాలుగోది చెప్పడానికి కొంచెం కష్టమైనది, అయినా చెప్పాలి. ఊళ్ళలో జరిగే కొన్ని సభల్లో తండ్రి లేని పిల్లవాణ్ణి వేదిక మీదకు పిలిచి, మైకు చేతికిచ్చి, తన కష్టం చెప్పమంటారు. సభలో కళ్ళు తుడుచుకుంటారు, చందాలు పెరుగుతాయి. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ పిల్లవాడు తన బాధను ఒక పిట్ట వెనక దాచుకుని మెల్లగా బయటకు తీయడం నేర్చుకుంటున్న సమయంలో, మనం దాన్ని వందమంది ముందు ఒక్కసారిగా లాగేస్తున్నాం. మర్నాడు బడిలో వాడు తలెత్తి నడవలేడు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, తన బాధకు వెల ఉందని, దాన్ని చూపిస్తేనే ఫీజు వస్తుందని నేర్చుకుంటాడు. ఎత్తిపొడుపుతోనూ, నొప్పించడంతోనూ దానం వ్యర్థమైపోతుందని అల్-బఖరా సూరా హెచ్చరిస్తోంది. మన నోటితో ఎత్తిపొడవకపోయినా, వాడి నోటితో చెప్పించడం కూడా నొప్పించడమే అవుతుందేమో మనం ఆలోచించాలి. పిల్లలను వేదిక మీదకు పిలవాలనుకుంటే వాళ్ళు అల్లిన కథ చదవమనండి. గిజిగాడి కథో, తప్పిపోయిన చీమ కథో. ఎవరికి ఫీజు కట్టామో సభకు తెలియనక్కరలేదు.

ఈ సంచిక చదివిన రోజు సాయంత్రం మీ ఇంట్లోని పిల్లలతోనే మొదలుపెట్టి చూడండి. మేడ మీదకో, వాకిట్లోకో తీసుకువెళ్ళి గూటికి చేరుతున్న కాకులను చూపించి, "వాటిలో ఆఖరున వస్తున్న కాకి ఎందుకు ఆలస్యమైంది?" అని అడగండి. జవాబు వినండి. మధ్యలో అడ్డుపడకండి. మీ పిల్లల గురించి మీకు తెలియనిది ఏదైనా అందులో ఉంటే, మన సంస్థ నీడలో పెరుగుతున్న పిల్లలకు కూడా అలా వినేవారు ఒకరు కావాలని గుర్తుంచుకోండి.

ఆకలి తీర్చే చేతులతో పాటు, చిన్నవారి మాట ఆలకించే చెవులను కూడా అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.